ఇంటా బయటా: పరాయి పండుగనాడు ఎక్కడ తినాలి?

గత సంచికలో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే పెద్దవాళ్ళు సామాను ఎలా సర్దుకోవాలో రాసినప్పటి నుంచీ సభ్యుల ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఆవకాయ సీసా కట్టడం గురించీ, మందుల చీటీల గురించీ అడిగిన వారికి విడివిడిగా జవాబులు రాశాను. బరంపురం నుంచి ఒక సోదరి వేసిన ప్రశ్న మాత్రం అందరికీ పనికొచ్చేదిగా ఉంది. "డిసెంబరు నెలంతా అమ్మాయి దగ్గర ఉంటాం. క్రిస్మస్ రోజున అక్కడ అన్నీ మూసేస్తారట కదా! అమ్మాయి స్నేహితులందరినీ కలిపి బయట భోజనం పెట్టిద్దామని మావారి కోరిక. ఆ రోజు ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగారు.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, చైనా వాళ్ళ హోటలుకి వెళ్ళండి. అది కుదరకపోతే థాయి, కొరియా, వియత్నాం హోటళ్ళు, మన వాళ్ళ హోటళ్ళు ఉండనే ఉన్నాయి. అయితే ఈ ఒక్క ముక్క వెనక నూటయాభై ఏళ్ళ కథ ఉంది. స్వస్థలం విడిచి తరతరాలుగా బయట స్థిరపడ్డ మన బోటి వాళ్ళు తెలుసుకోవలసిన కథ అది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

మన దగ్గర పండుగంటే వీధి కళకళలాడుతుంది. పూల బజారు, మిఠాయి దుకాణం, కొత్త సినిమా, అన్నిటా జనమే. అమెరికాలో క్రిస్మస్ రోజు దానికి పూర్తిగా విరుద్ధం. సందడంతా ముందు నెల రోజులూ జరిగిపోతుంది. ఆ రోజున మాత్రం ఎవరింట్లో వాళ్ళు తలుపులు వేసుకుని కూర్చుంటారు. పెద్ద పెద్ద సరుకుల దుకాణాలు కూడా మూసి ఉంటాయి. 2023లో మేము న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర మూడు నెలలు ఉన్నాం. ఆ ఏడు డిసెంబరు 25 సోమవారం వచ్చింది. పొద్దున్నే నడకకి వెళ్తే రెండు మైళ్ళలో ఎదురైంది ఒక్క కుక్క, దాన్ని నడిపిస్తున్న ఒక్క మనిషి. మన ఊళ్ళో బంద్ రోజున కూడా అంత నిశ్శబ్దం ఉండదు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి మా అమ్మాయి తొమ్మిది మందిని లెక్క వేసింది. మేం ఇద్దరం, అమ్మాయీ అల్లుడూ, అల్లుడి ఆఫీసులో పనిచేసే ఒక యూదు మహిళ, పక్క వాటాలో ఉండే తమిళ దంపతులు, అమ్మాయితో చదువుకున్న ఒక స్నేహితురాలు. తొమ్మిదో మనిషి మన రాయగడ వైపు తెలుగు కుటుంబం అబ్బాయి.

ఆ అబ్బాయి గురించి కాస్త చెప్పాలి. ఆ ఆగస్టులో వాళ్ళ నాన్నగారు పోయారు. ఇతనికి అప్పుడే చదువు ముగిసింది, ఉద్యోగం చేసుకునే అనుమతి కాగితం ఇంకా చేతికి రాలేదు. ఆ సమయంలో దేశం దాటితే మళ్ళీ రానిస్తారో లేదోనని భయం. అన్నగారు కర్మ చేస్తే ఇతను ఫోనులో చూశాడు. ఆ తర్వాత దసరాకి పిలిస్తే రాలేదు, దీపావళికి పిలిచినా రాలేదు. "ఏటిసూతకం ఆంటీ, పండుగ జరిగే ఇంటికి నేను రాకూడదు" అని నాతోనే అన్నాడు. ఆ మాటకి ఎదురు చెప్పడానికి నాకు నోరు రాలేదు. క్రిస్మస్ భోజనానికి అమ్మాయి ఫోను చేసినప్పుడు మాత్రం కాసేపు ఆగి, "అది మన పండుగ కాదు కదక్కా, వస్తాను" అన్నాడట.

ఇక హోటలు వెతకడం. ఇందులో కొన్ని మెళకువలు ఉన్నాయి, రాసి పెట్టుకోండి. కంప్యూటరులో, ఫోనులో "తెరిచి ఉంది" అని చూపిస్తే నమ్మి బయలుదేరకండి. మామూలు సోమవారం వేళలే చాలాసార్లు అందులో కనిపిస్తాయి. ఫోను చేసి మనిషి గొంతు విన్నాకే కారు తాళాలు తీయాలి. మా అల్లుడు ఆరు చోట్లకి చేశాడు. రెండు చోట్ల ఎవరూ ఎత్తలేదు. ఒక చోట యంత్రమే మాట్లాడి సెలవు అని చెప్పింది. వియత్నాం హోటలు మూసేశారు. థాయి హోటలు సాయంత్రం నాలుగింటికి తెరుస్తామన్నారు. ఆరోది చైనా హోటలు. "తెరిచే ఉన్నాం, రండి. కానీ ఒంటిగంటకి వస్తే గంటసేపు నిలబడాలి" అని చెప్పారు.

గంటసేపు నిలబడాలని చెప్పడం అతిశయోక్తి అనుకున్నాం గానీ, వెళ్ళేసరికి కార్లు పెట్టుకునే చోటే లేదు. కాబట్టి పన్నెండు లోపునన్నా వెళ్ళాలి, మూడు దాటాకనన్నా వెళ్ళాలి. ఎనిమిది మందికి పైన ఉంటే రెండు మూడు రోజుల ముందే బల్ల చెప్పి ఉంచుకోవడం మంచిది. పండుగ రోజుల్లో కొన్ని చోట్ల మామూలు జాబితా ఉండదు, తలకి ఇంత అని కట్టిన భోజనమే ఉంటుంది. ఆ ధర కూడా ఫోనులోనే అడగాలి.

శాకాహారులకి ఇంకో హెచ్చరిక. కూరగాయల పేరు ఉన్నంత మాత్రాన అది మన కూర అనుకోకూడదు. అందులో ఆయిస్టర్ సాసు పోస్తారు, అంటే సముద్రపు చిప్పల నుంచి తీసిన రసం. థాయి, వియత్నాం వంటల్లో చేపల సాసు పడుతుంది. మాపో టోఫూ అనే వంటకంలో సోయా పనీరుతో పాటు మామూలుగా మాంసం ముక్కలు కూడా ఉంటాయి. "చేపా వద్దు, మాంసమూ వద్దు, చిప్పల సాసూ వద్దు, కోడి రసమూ వద్దు, గుడ్డూ వద్దు" అని వరుసగా చెప్పాలి. ఒక్క "వెజిటేరియన్" అనే మాటతో ఊరుకోకూడదు. బౌద్ధ సన్యాసుల ఆహారం నుంచి వచ్చిన "బుద్ధాస్ డిలైట్" అనే కూర చాలా చోట్ల ఉంటుంది. నేను దానితోనూ తెల్ల అన్నంతోనూ హాయిగా తిన్నాను.

అన్నట్టు, అక్కడ మంచూరియా అడిగితే తెల్లబోతారు. అది మన దేశపు సరుకు. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్‌లో మొదట చికెన్ మంచూరియా చేశాడని చెబుతారు. బొంబాయి సభ్యులు గర్వపడవచ్చు!

మేము బయట నిలబడి ఉండగా నేను గమనించింది ఏమిటంటే, ఆ వరుసలో మన దేశం వాళ్ళు, చైనా వాళ్ళు ఎంతమంది ఉన్నారో యూదులు కూడా అంతమంది ఉన్నారు. మాతో వచ్చిన యూదు మహిళని అడిగాను. ఆవిడ నవ్వి, "చిన్నప్పటి నుంచీ మాకు క్రిస్మస్ అంటే చైనా భోజనమూ, ఒక సినిమా" అని చెప్పింది. అక్కడ ఇది అందరికీ తెలిసిన విషయమేనట. 2010లో ఎలీనా కేగన్ గారిని అమెరికా సుప్రీం కోర్టుకి న్యాయమూర్తిగా నియమించే ముందు సెనేట్ సభ్యులు ప్రశ్నలు వేశారు. వారిలో ఒకాయన క్రిస్మస్ నాడు ఎక్కడున్నారని అడిగితే, యూదులందరిలాగే నేనూ ఏ చైనా హోటల్లోనో ఉండి ఉంటానని ఆవిడ జవాబిచ్చారు. సభంతా నవ్వుల్లో మునిగిపోయింది.

ఇది ఎలా మొదలయిందో తెలుసుకుంటే నవ్వుతో పాటు మరొకటి కూడా కలుగుతుంది. చైనా వాళ్ళు 1849 తర్వాత బంగారం వేటలో కాలిఫోర్నియాకి వచ్చారు. 1869లో పూర్తయిన ఖండాంతర రైలు మార్గానికి వేల మంది కూలి చేశారు. పని అయిపోయాక వాళ్ళంటే గిట్టలేదు. 1882లో చైనా కూలీలు దేశంలోకి రాకుండా చట్టమే చేశారు. ఉన్నవాళ్ళు ఇతరుల దగ్గర పని దొరకక బట్టలుతికే దుకాణాలు, హోటళ్ళు పెట్టుకున్నారు. 1915లో ఒక కోర్టు తీర్పుతో హోటలు యజమానులని కూడా వర్తకుల కింద లెక్కించారు. వర్తకుడైతే చైనాకి వెళ్ళి తిరిగి రావచ్చు, అయినవాళ్ళని తెచ్చుకోవచ్చు. దాంతో హోటళ్ళు పెరిగాయి. అంటే అమెరికాలో చైనా హోటళ్ళు అంత విరివిగా ఉండడానికి రుచి ఒక్కటే కారణం కాదు. బతకడానికి మిగిల్చిన దారి అది ఒక్కటే! ఆ చట్టాన్ని 1943లో తీసేశారు గానీ, ఆ తర్వాత కూడా ఏడాదికి 105 మందినే రానిచ్చారు. 1965 చట్టం వచ్చాకే ఆసియా వాళ్ళకి తలుపు సరిగ్గా తెరుచుకుంది. మన పిల్లలు ఇవాళ అక్కడ ఉన్నారంటే ఆ తలుపు గుండా వెళ్ళిన వాళ్ళే.

ఇక యూదులు. 1880ల నుంచి తూర్పు ఐరోపాలో బాధలు పడలేక లక్షల మంది న్యూయార్కు చేరారు. లోయర్ ఈస్ట్ సైడ్ అనే పేటలో ఇరుకు గదుల్లో సర్దుకున్నారు. దాని పక్కనే చైనా పేట. ఆదివారాలూ, క్రిస్మస్ నాడూ ఊరంతా మూసేసినా చైనా వాళ్ళకి అది తమ పండుగ కాదు కనుక పొయ్యి వెలుగుతూనే ఉండేది. పైగా యూదులు తమ ఆచారం ప్రకారం మాంసమూ పాలూ కలిపి తినరు. చైనా వంటలో పాలు, వెన్న దాదాపు ఉండవు. అన్నిటికంటే ముఖ్యం, అక్కడికి వెళ్తే "నువ్వు మాలో ఒకడివి కావు" అని చూసేవాళ్ళు లేరు. ఇద్దరూ ఆ పండుగకి బయటివాళ్ళే కదా!

మా అమ్మాయి ఉండే చోటికి అరగంట దూరంలో నెవార్క్ అనే ఊరు ఉంది. అక్కడ యూదు అనాథ పిల్లల ఆశ్రమం ఒకటి ఉండేది. 1935లో క్రిస్మస్ నాడు ఎంగ్ షీ చక్ అనే చైనా హోటలు యజమాని ఆ పిల్లలకి చౌమీన్ పట్టుకెళ్ళి పెట్టాడని అప్పటి పత్రికలో వచ్చింది. అప్పటికి ఆయన జాతి వాళ్ళు దేశంలోకి రాకూడదన్న చట్టం ఇంకా అమలులోనే ఉంది. ఆ పిల్లలకి ఆ రోజు పండుగా కాదు, ఇంట్లో అమ్మా నాన్నా లేరు. ఆయన ఆ వేడి వేడి వంటకం ఎందుకు పట్టుకెళ్ళాడో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు అనిపించింది.

సరే, మాకు బల్ల దొరికింది. పెద్ద గుండ్రటి బల్ల, మధ్యలో తిరిగే పళ్ళెం. ఎవరికి ఏం కావాలంటే అది తిప్పుకుని వడ్డించుకోవడమే. ఆవిరి మీద ఉడికించిన చేప ఒకటి తలా తోకతో సహా వచ్చింది. అది ఎదురుగా ఆగగానే మన రాయగడ అబ్బాయి, "నాన్న అయితే ముందు తలకాయే తీసుకునేవారు" అని నవ్వాడు. తెలుగులోనే అన్నాడు. వాళ్ళ నాన్నగారి గురించి నాలుగు నెలల్లో అతని నోట మేము విన్న మొదటి మాట అది. తెలుగు తెలియని వాళ్ళు ఏమిటని అడిగితే ఇంగ్లీషులో చెప్పాడు. ఏటిసూతకం గురించి కూడా చెప్పాడు.

అప్పుడు ఆ యూదు మహిళ చెప్పిన సంగతి నాకు ఎంతో ఆశ్చర్యం కలిగించింది. వాళ్ళలోనూ తల్లి గానీ తండ్రి గానీ పోతే పన్నెండు నెలలు దుఃఖకాలమేనట. ఆటపాటలూ వేడుకలూ ఉన్న చోటికి వెళ్ళరట. పదకొండు నెలల పాటు ప్రార్థన చదువుతారట. ఆ ప్రార్థన ఒంటరిగా చదవడానికి వీల్లేదు, కనీసం పది మంది కూడి ఉండాలి. "దుఃఖంలో ఉన్నవాణ్ణి రోజూ పది మంది మధ్యకి రప్పించడానికే ఆ నియమం పెట్టారని మా అమ్మ అనేది" అంది ఆవిడ. అబ్బాయి ఏమీ అనలేదు. చేప ముక్క వేసుకుని అన్నం తిన్నాడు, రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. వాళ్ళ నాన్నగారి కబుర్లు ఒకటొకటిగా చెప్పడం మొదలుపెట్టాడు. బయట వరుస పెరుగుతోంది గానీ మమ్మల్ని లేవమని హోటలు వాళ్ళు తొందర పెట్టలేదు.

బిల్లు తెచ్చిన పెద్దావిడకి నా వయసే ఉంటుంది. మీకు సెలవు ఎప్పుడని మా అమ్మాయి చేత అడిగించాను. ఏడాదికి ఒక్క రోజట. నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ నాడు మూసేస్తారట. మరి మీ కొత్త సంవత్సరానికో అంటే, "అప్పుడు ఇంతకంటే రద్దీ, కాలు నిలవదు" అని చెయ్యి ఊపింది. మనకి ఆ పూట భోజనం దొరికిందంటే ఒకరు సెలవు వదులుకున్నారన్నమాట. అక్కడ వడ్డించిన వాళ్ళకి బిల్లు మీద నూటికి పద్ధెనిమిదీ ఇరవై ఇవ్వడం వాడుక. పండుగనాడు చేయి కాస్త ధారాళంగా ఉండాలి. మావారు బిల్లు చూసి డాలర్లని రూపాయల్లోకి మార్చబోతే నేనే ఆపాను. భోజనం చేసి లేస్తూ "అన్నదాతా సుఖీభవ" అనుకునే జాతి మనది. ఆ మాట మనసులో అనుకుంటే చాలదు కదా.

అమెరికా సంగతి అక్కడికి ఆపి మన ఊళ్ళ సంగతి చూద్దాం. మద్రాసులో తిరువల్లిక్కేణి మేన్షన్లలో ఉండే కుర్రాళ్ళని అడగండి, పొంగలికీ దీపావళికీ వాళ్ళ పాట్లు చెబుతారు. మెస్సులు మూతపడతాయి, వంటవాళ్ళు ఊళ్ళకి వెళ్ళిపోతారు. ఆ పూట ఎవరో సాయిబుగారి బిరియానీ దుకాణం తెరిచి ఉంటే అదే దిక్కు. బెంగళూరు పీజీల్లో ఉండే మన పిల్లలదీ అదే పరిస్థితి. ఒడిశాలో రజ పండుగ మూడు రోజులూ ఆడవాళ్ళు ఇంటి పని ముట్టరు కనుక ఆ ఇళ్ళలో వంట చేసే మనిషి ఆ రోజుల్లో రాదు. పూణేలో గుడిపాడ్వా, మనకి ఉగాది, ఒకే రోజు వస్తాయి కనుక అక్కడి వాళ్ళకి కాస్త నయం. ఎక్కడైనా ఎవరి పండుగనాడో ఒకరికి పొయ్యి వెలగదు, ఆ రోజు వేరొకరి పొయ్యి వెలుగుతూ ఉంటుంది. మన తాతముత్తాతలు ఈ ఊళ్ళకి వచ్చిన కొత్తలో ఇలాంటి పొయ్యిల దగ్గరే తిని ఉంటారు.

కనుక మన శాఖలకి రెండు మనవులు. ఒకటి, ప్రతి పెద్ద పండుగకి వారం ముందు మీ పేటలో ఆ రోజు తెరిచి ఉండే భోజనశాలలు ఏవో ఫోను చేసి కనుక్కుని, జాబితా రాసి సంఘం గోడ మీద అంటించండి. ఒక మనిషికి ఒక సాయంత్రం పని అది. హాస్టలు పిల్లలు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు, ఆస్పత్రుల్లో రోగుల పక్కన ఉండేవాళ్ళు ఎంత సంతోషిస్తారో చూడండి.

రెండోది ఇంతకంటే ముఖ్యమైనది. ఆ ఏడాది ఇంట్లో మనిషి పోయిన వాళ్ళని మనం పండుగకి పిలవము. పిలవకూడదు కూడా, అది ఆచారం. కానీ ఆ తర్వాత కూడా పిలవం, మాట్లాడించం. ఆచారం పండుగ వద్దంది గానీ మనుషులు వద్దనలేదు. సంక్రాంతి అయిన మరునాడో, ఆదివారమో, పక్కవాళ్ళ పండుగకి మనకి సెలవు వచ్చిన రోజో, ఏ పేరూ పెట్టకుండా "మా ఇంటికి భోజనానికి రండి" అనండి. ఇంట్లో పెట్టడానికి సంకోచమైతే నలుగురూ కలిసి ఏ హోటలుకైనా వెళ్ళండి. వాళ్ళు రెండోసారి అన్నం వడ్డించుకునేదాకా లేవకండి.

బరంపురం సోదరికి జవాబు దొరికిందనే అనుకుంటాను. ఇరవయ్యో తేదీ లోపే బల్ల చెప్పి ఉంచుకోండి, ముందుగా ధర కనుక్కోండి, మావయ్యగారికి చిప్పల సాసు సంగతి మరిచిపోకుండా చెప్పండి. అమ్మాయి స్నేహితుల్లో ఆ ఏడు పండుగ లేనివాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళని మొదట పిలవండి.

వచ్చే సంచికలో వేసవి సెలవులకి వచ్చే మనవలకి తెలుగు అక్షరాలు ఎలా నేర్పాలో, మీలో కొందరు పంపిన అనుభవాలతో రాస్తాను. అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.